మారిషస్‌ల మూడు నెలలు

మా ఆయన జగదీశ్ గుర్రాలకు నాడాలు కొడతడు. ఈ పని చేసెటోళ్లను నాల్‌బంద్ అంటరు. ఈ కాలంల గుర్రాలెక్కడియని చానమంది నవ్వుతరు. మొయినాబాద్ దిక్కు వచ్చి చూస్తే తెలుస్తది. ఫామ్‌హౌజుల ఉన్నయి, స్వారీ నేర్పే క్లబ్బుల ఉన్నయి, శంకర్‌పల్లి కాడ పెండ్లి బరాతులకు పోయేటివి ఉన్నయి. గుర్రం గిట్ట మన గోరు లెక్క పెరుగుతనే ఉంటది. నెలన్నరకోసారి పాత నాడా ఊడదీసి, గిట్ట చెక్కి, కొత్త నాడా కొట్టాలె. ఆలస్యమైతే గుర్రం కుంటుతది. ఆయనకు నెల జీతం లేదు, సెలవు లేదు, పైన సారు లేడు. చిన్న మంగళారంల మా ఇంటి నుంచి పొద్దుగాల బండి మీద సామాను కట్టుకొని పోతే, ఎండ ఎక్కేసరికి రెండు మూడు గుర్రాలు అయితయి.

నేను మొయినాబాద్‌ల ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసుల పని చేస్త. మాకు ఒక్కతే బిడ్డ, సంజన.

శ్రావణ మాసంల ఒకరోజు ఆయన ఫోన్‌కు ఇంగ్లీషుల మెయిల్ వచ్చింది. ఇంగ్లీషు సంగతులన్ని నాకే ఇస్తడు గనుక నేనే చదివిన. పంపింది వీణా అపాడూ అనే ఆమె. పోయిన చలికాలంల ఇక్కడి క్లబ్బుల గుర్రపు పందేలు జరిగితే జడ్జిగ వచ్చింది. ఆమెది మారిషస్. ముత్తాతలు ఎప్పుడో మన దిక్కు నుంచే ఓడెక్కి పోయిన్రంట గని ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. అప్పుడు ఒక గుర్రం కుంటుతుంటే మా ఆయన నాడా తీసి మళ్ల కొట్టిండు. ఆమె బకెట్ బోర్లించుకొని కూసొని, పని అయిపోయేదాక చూసింది. ఫోన్ నంబరు, మెయిల్ అడిగి తీసుకొని పోయింది.

సముద్రం ఒడ్డున వాళ్లకు గుర్రపు స్వారీ కేంద్రం ఉన్నదంట. వాళ్ల నాల్‌బంద్‌కు మోకాలు ఆపరేషన్. నవంబర్ నుంచి మూడు నెలలు వచ్చి వాళ్ల గుర్రాలను చూసుకోవాలె. ఫ్రీలాన్స్ కాంట్రాక్టు. చేసిన గుర్రం లెక్కన పైసలు, ఉండటానికి రూము, పర్మిట్ వాళ్లే తీస్తరు.

మా ఆయన రెండుసార్లు చదివించుకున్నడు. బయటికి పోయి బండి కడిగిండు. శుభ్రంగ ఉన్న బండినే మళ్ల కడిగిండు. లోపలికి వచ్చి అడిగిండు.

"సముద్రం ఒడ్డున గుర్రాలు ఉరుకుతయా నిజంగ?"

"ఫోటోలల్ల ఉరుకుతున్నయి."

"ఇసుకల ఉరికే గుర్రం గిట్ట ఎట్లుంటదో ఎన్నడు చూడలే నేను," అన్నడు.

ఆ మాటతోనే నాకు సమజైంది. పైసల కన్నా ఆయనకు ఆ గిట్టల మీదనే మనసు పడ్డది. మీసాలు రాకముందు పనిలకు వచ్చినోడు, చేవెళ్ల రోడ్డు, శంకర్‌పల్లి రోడ్డు తప్ప ఇంకో రోడ్డు ఎరుగడు. విమానాలు దినాం మా ఇంటి మీది నుంచే శంషాబాద్‌కు దిగుతయి. ఒక్కదాంట్ల గూడ ఎక్కలేదు.

అట్లని లేచి పోవుడు ఉండదు గదా. దినాం అదే ముచ్చట. తినేటప్పుడు అదే, బట్టలు మడతపెట్టేటప్పుడు అదే. పోతే కొత్త పని నేర్చుకుంటడు, పేరొస్తది, నాలుగు పైసలు మిగులుతయి. పోతే మరి ఇక్కడి గుర్రాలు? మూడు నెలలంటే ప్రతి గుర్రానికి రెండుసార్లు నాడాలు పడాలె. యజమానులు ఆగరు, ఆగొద్దు గూడ. ఇంకొకరిని పిలుచుకుంటరు. ఒకసారి వేరే చెయ్యి అలవాటైతే మళ్ల మన దగ్గరికి వస్తరని ఏం నమ్మకం.

ఆ ఇంకొకరు ఎవరో మా ఇద్దరికి ఎరుకే. ఈ దిక్కు నాల్‌బంద్‌లు ఇద్దరే. ఒకరు మా ఆయన, ఇంకొకరు నవీన్. ఇద్దరు ఖాజా ఉస్తాద్ దగ్గరనే నేర్చుకున్నరు. ఉస్తాద్‌కు ఇప్పుడు నడుము వంగుతలేదు, మొయినాబాద్‌ల బస్టాపు ఎన్క ఇంట్ల ఉంటడు. ఒకప్పుడు నవీన్ మా ఇంట్ల తిని పండుకున్నోడే. మూడేండ్ల కింద మా ఆయన చేసే ఒక క్లబ్బు పని నవీన్‌కు పోయింది. తక్కువకు చేస్తనని చెప్పి నవీన్ గుంజుకున్నడని మా ఆయన. వాళ్లే పిలిచిన్రని నవీన్. అప్పటి నుంచి రోడ్డు మీద ఎదురుపడ్డా హెల్మెట్ తియ్యకుంట పోతరు.

"నవీన్‌ను అడుగరాదా, మూడు నెలలు చూసుకొమ్మని," అన్న ఒకనాడు.

"అడిగితే వచ్చినంక నాకేం మిగులుతది," అన్నడు.

నాకు ఇంకో ఫికర్ ఉండె. మెయిల్‌తోటి వచ్చిన కాంట్రాక్టు కాయితం చదివితే, పని చేస్తుండంగ దెబ్బ తగిల్తే దానికి కాంట్రాక్టరే బాధ్యుడు అని ఒక పేరా ఉన్నది.

"కాంట్రాక్టర్ అంటే ఎవరు?" అని అడిగిన.

"నేనే."

"అంటే ఆడ గుర్రం తంతే నీ అంతట నువ్వే లేవాలె, నువ్వే దవాఖానకు పోవాలె, నువ్వే కట్టుకోవాలె."

"ఈడ మాత్రం ఎవరు కడుతున్నరు సమతా? ఇన్నేండ్లల్ల నాకు దెబ్బలు తగులలేదా?"

అది నిజమే. అయినా ఆ పేరా మార్చుమని రాద్దామన్న. వద్దన్నడు. "పిలువక పిలువక పిలిచిన్రు. షరతులు పెడితే ఇంకొకన్ని చూసుకుంటరు." కొంచెం టైము కావాలని మాత్రం రాసిన. సెప్టెంబర్ ఆఖరు దాక చూస్తమని ఆమె జవాబిచ్చింది.

ఆ ఆఖరు రాకముందే గణేష్ నిమజ్జనం వచ్చింది.

శంకర్‌పల్లి కాడ మారయ్య అనే ఆయనకు బరాత్ గుర్రం ఉన్నది, తెల్లది. నెమ్మది గల్ల గుర్రం, డప్పుల నడుమనే పెరిగింది. ఆ పొద్దు మా ఆయన దాని ఎన్క కాలు ఒళ్లె పెట్టుకొని మేకు కొడుతున్నడు. గల్లీ మలుపు మీద వినాయకుని ట్రాక్టర్ తిరిగింది. ఎవరో పటాకుల సరం అంటించి గోడ పొంటి ఇసిరిన్రు. డప్పుకు అలవాటైన గుర్రం పటాకులకు బెదిరింది. కాలు గుంజుకొని తన్నింది. ఆయన కుడి చెయ్యి అడ్డం పెట్టిండు. మొఖానికి తగలాల్సింది చేతికి తగిలింది.

నాకు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. బస్సు పట్టుకొని చేవెళ్ల దవాఖానకు పోయేసరికి మారయ్య ఎక్స్‌రే రూము ముంగట నేల మీద కూసున్నడు. చేతుల గుర్రం తాడు అట్లనే ఉన్నది. తెచ్చుకున్నట్టు గూడ ఆయనకు సోయి లేదు. తువ్వాలల కట్టెపేడు పెట్టి చెయ్యి కట్టింది ఆయనే, ట్రాలీ ఆటోల ఏసుకొచ్చింది ఆయనే, చీటీ రాయించింది ఆయనే.

"బిడ్డా, నా గుర్రం ఎన్నడు గట్ల చెయ్యలే," అన్నడు నన్ను చూసి. ఏడుస్తున్నడు.

"ఎరుకే బాపు. నువ్వు ఉన్నవు గాబట్టి ఈయన ఇంత తొందరగ దవాఖానకు వచ్చిండు," అన్న.

ముంజేతిల రెండు బొక్కలు ఇరిగినయి. ఆపరేషన్ చేసి ప్లేట్ ఏస్తమన్నరు. సుత్తె ముట్టుడు మూడు నెలల దాక లేదన్నరు. మంచం మీద మా ఆయన నన్ను చూసి మొదలు అన్న మాట, "ఆమెకు రాయి, రానని." తరువాత కండ్లు మూసుకొని, "గుర్రాలు ఎట్ల?" అన్నడు. అంతే. తన గురించి ఏమీ అనలే.

నేను వరండాలకు వచ్చి ఖాజా ఉస్తాద్‌కు ఫోన్ చేసి చెప్పిన. సాయం అడగలేదు, ఊకె చెప్పిన. ఎవరికన్నా చెప్పాలె గదా.

తెల్లారి ఆపరేషన్ అయినంక వార్డుల కూసున్న. నవీన్ వచ్చిండు. హెల్మెట్ చేతుల పట్టుకొని తలుపు కాడ నిలబడ్డడు. మూడేండ్లల్ల కొంచెం లావైండు. మా ఆయన చూసిండు. నేనే స్టూలు జరిపిన. కూసోలేదు.

"అన్న, ఈ వారం ఎవరెవరియి ఉన్నయి?" అన్నడు.

మా ఆయన చెప్పుడు షురూ చేసిండు. ఏ ఫామ్‌హౌజుల ఏది, దేనికి ముందు గిట్ట పగుళ్లున్నయి, ఏది ఎడమ దిక్కు నిలబడితే కరుస్తది, దేనికి మేకు కొంచెం పైకి కొట్టాలె. నవీన్ రాసుకోలేదు, ఊ కొట్టుకుంట విన్నడు. ఇద్దరి గొంతులు నెమ్మదిగ మామూలు గొంతులైనయి. అయిపోయినంక నవీన్, "మారయ్య గుర్రం సంగతి నేను ఇప్పుడే పోయి చూస్త. దానికి నాడాలు రెండు కాళ్లకే పడ్డయి, మిగిలినయి పడాలె గదా," అన్నడు.

"తన్నిందిరా అది," అన్న నేను.

"బెదిరింది వదినె. నేను పోతే ఊకుంటది."

తలుపు దాక పోయి ఎన్కకు తిరిగి, "అన్న, పైసలు నీ ఫోన్‌కే కొట్టుమని చెప్త అందరికి," అన్నడు. మా ఆయన వద్దన్నడు. చివరికి సగం సగమని ఒప్పుకున్నరు. ఆ బేరం కాడ ఇద్దరికి నవ్వొచ్చింది.

దసరా పండుగ దాక అట్లనే నడిచింది. నవీన్ తన గుర్రాలు చేసుకొని, మావి చేసి, మాపటికి మా ఇంటికొచ్చి ఏ గుర్రం ఎట్లున్నదో చెప్పేటోడు. చాయి తాగేటోడు. సంజనకు గిట్ట బొమ్మ గీసి లోపలి సంగతులు చెప్పేటోడు. ఒకనాడు, "అన్న, ఆ క్లబ్బు ముచ్చట..." అని మొదలు పెట్టబోయిండు. మా ఆయన, "దాన్ని ఇడిచిపెట్టు నవీన్, చాయి సల్లారుతది," అన్నడు. ఇడిచిపెట్టిన్రు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మరునాడే నేను మారిషస్‌కు రాసి ఉంటి. ఇట్ల చెయ్యి ఇరిగింది, రాలేడు, మీరు గుర్తుపెట్టుకొని పిలిచినందుకు మేము రుణపడి ఉన్నమని. వీణా అపాడూ ఆ దినమే జవాబిచ్చింది. మస్తు బాధపడ్డది. ఆఖరుకు, మీకు నమ్మకం ఉన్న నాల్‌బంద్ ఇంకెవరన్నా ఉన్నరా అని అడిగింది.

అది చదివి వినిపిస్తే మా ఆయన వాకిట్ల కూసొని చెయ్యి ఒళ్లె పెట్టుకొని చూస్తుండు. అప్పుడన్నడు.

"నవీన్ పేరు రాయి."

"ఎంత ఆశపడ్డవు దానికి," అన్న.

"గుర్రాలకు నా ఆశతోటి ఏం పని? వాళ్లకు నవంబర్‌ల మనిషి కావాలె. నవీన్ చెయ్యి మంచిది." మళ్ల, "రాస్తే ఆ దెబ్బల పేరా గూడ మార్చుమని రాయి. మారకపోతే మనిషి రాడని రాయి," అన్నడు.

"అప్పుడు వద్దంటివి?"

"అప్పుడు నా గురించి అనుకుంటి."

నేను కూసొని రాసిన. కాలేజీ సంగతులు రాసినట్టు రాయలేదు. మా ఆయన పడ్డనాడు ఒక పెద్దమనిషి ఎత్తుకొచ్చిండు, ఒక తమ్ముడు పని మొత్తం మీదేసుకున్నడు, మీ దేశంల మావోనికి ఆ ఇద్దరు ఉండరు, వాళ్ల జాగల మీ కాయితం నిలబడాలె అని రాసిన. మూడు నెలలకు ఇన్సూరెన్స్, దవాఖాన ఖర్చు, మధ్యల దెబ్బ తగిల్తే ఇంటికి టికెట్. ఇవి ఉంటేనే మనిషి వస్తడు. వారం దాటినా జవాబు రాలే. చెడగొట్టిననే అనుకున్న. అప్పుడొచ్చింది కొత్త కాయితం, మూడూ ఉన్నయి. కింద వీణా ఒక మాట రాసింది. మా దగ్గర ఏండ్లుగ పని చేస్తున్నోళ్లకు గూడ ఇది లేదు, మీరు అడిగినంక అందరికి పెడుతున్నం, మీకు థాంక్స్ అని. ఆ మాట ఆయనకు రెండుసార్లు చదివి వినిపించిన.

నవీన్ మాత్రం కుదరదన్నడు. ముగ్గురం ఉస్తాద్ ఇంటికి పోయినం. ఉస్తాద్ గోడకు ఆనుకొని కూసున్నడు.

"నీ నోటికాడి ముద్ద నేను తినను అన్న," అన్నడు నవీన్. "నేనేదో చేసిననని నువ్వు ఇస్తున్నవు. నేను దానికోసం చెయ్యలే."

"దానికోసం ఇస్తలేను," అన్నడు మా ఆయన. "నాకు చెయ్యి ఉంటే నేనే పోతుంటి, నీకు ఇయ్యకపోతుంటి. లేదు గాబట్టి ఇస్తున్న."

ఉస్తాద్ నవ్విండు. "నిజం చెప్పిండు బేటా. ఇగ పో."

"మరి ఈడ గుర్రాలు? అన్నకు డిసెంబర్ ఆఖరు దాక సుత్తె లేదు."

"ఎప్పుడు ఏ గుర్రమో నాకు చెప్పు," అన్నడు ఉస్తాద్. "కర్ణాటక నుంచి నా మేనల్లుడు వస్తడు, రెండు నెలలు. చెయ్యి వానిది, కన్ను జగదీశ్‌ది. నేను కుర్చీ ఏసుకొని ఇద్దర్ని తిడుత."

అట్ల కుదిరింది. కాని నవీన్ వాళ్ల అమ్మ అరుణమ్మకు భయం పోలేదు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, "ఆ కాయితంల ఏమున్నదో నాకు చెప్పు బిడ్డా, వాడు చెప్తే నమ్మ," అన్నది. పక్కన కూసోబెట్టుకొని ఒక్కొక్క మాట తెలుగుల చెప్పిన. దెబ్బ తగిల్తే ఎవరు చూస్తరు, జరం వస్తే ఎట్ల, పని నచ్చకపోతే రావొచ్చునా. అన్నీ అడిగింది. నేను ఆఫీసుల ఎంతమందికో కాయితాలు రాసిచ్చిన గని, ఒక తల్లి గంత మనసుపెట్టి వింటే చదువుడు అదే మొదటిసారి. పోయేటప్పుడు తన చేన్ల బీరకాయలు సంచినిండ పోసి పోయింది.

నవంబర్ మొదటి వారంల శంషాబాద్ పోయి నవీన్‌ను ఎక్కించినం. మా ఆయన కట్టు ఉన్న చేతితోటే తన గిట్ట చెక్కే కత్తి తీసి నవీన్ పెట్టెల పెట్టిండు. "ఆడ దొరుకుతయి అన్న," అంటే, "దొరుకుతయి. ఇది చేతికి అలవాటు," అన్నడు.

ఆ మూడు నెలలు ఎట్ల గడిచినయో చెప్తే ఆశ్చర్యం అనిపిస్తది. ఉస్తాద్ మేనల్లుడు వచ్చిండు. మారయ్య తన ట్రాలీ ఆటోల ఉస్తాద్‌ను, కుర్చీని, సామానును ఏసుకొని ఫామ్‌హౌజులు తిప్పిండు. పైసలు ఇస్తే తీసుకోలే. కొన్నేండ్ల సంది ఇంట్లకెళ్లి కదలని ఉస్తాద్ ఎండల కూసొని మేకు మేకుకు వంక పెట్టి, మనిషి మళ్ల తాజాగ అయిండు. ఒక్క యజమాని గూడ వేరే మనిషిని చూసుకోలేదు. ఒకామె ఫోన్ చేసి, "జగదీశ్ గారు చేతికి రెస్ట్ ఇయ్యండి, మా గుర్రం ఎక్కడికీ పోదు," అన్నది. ఆయన ఫోన్ పెట్టేసి, ఆమె అన్న మాట నాకు చెప్పిండు. ఇన్నేండ్లు పని మాత్రమే చేస్తున్న అనుకున్నడు, తనను గూడ మనుషులు చూస్తున్నరని అప్పుడే తెలిసినట్టున్నది.

డిసెంబర్‌ల నవీన్ కాలు మీద ఒక గుర్రం తొక్కింది. బొటనవేలు చితికింది. గంట లోపల దవాఖాన, పదిదినాలు రెస్టు, నవీన్ చేతి నుంచి రూపాయి పోలే. వీడియో కాల్‌ల కట్టు చూపించుకుంట నవ్వుతుండు. నేను నవ్వలేకపోయిన. ఆ పేరా అట్లనే ఉంటే ఏమైతుండెనో అని తలచుకున్న. అరుణమ్మ నాకు ఫోన్ చేసి, "ఆ కాయితం మంచిపని చేసింది బిడ్డా," అన్నది.

సంక్రాంతి దాటినంక మా ఆయన మళ్ల సుత్తె పట్టిండు. మొదటిరోజు ఒక్క నాడానే. ఇంటికొచ్చి చెయ్యి నీళ్లల్ల పెట్టుకొని, "నొప్పి ఉన్నది గని బాగున్నది," అన్నడు.

నవీన్ తిరిగొచ్చిన నెలకు వీణా దగ్గర నుంచి మళ్ల మెయిల్ వచ్చింది. వాళ్ల నాల్‌బంద్ మోకాలు మంచిగైంది గని ఆయనకు వయసైంది, ప్రతి సీజన్‌ల మూడు నెలలు సాయం కావాలంట. ఈసారి జగదీశ్ రావాలె అని పేరు రాసింది. కాయితం చదివిన. ఇన్సూరెన్స్ ఉన్నది, టికెట్ ఉన్నది. ఇంట్ల ముచ్చట ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. గుర్రాల సంగతి అడగాల్సిన పని పడలేదు, నవీన్ అప్పటికే ఏ వారం ఎవరివని లెక్క ఏసుకుంటున్నడు. సంజన సముద్రం గవ్వలు తెమ్మన్నది. నేను, పోయి రా అన్న.

మొన్న ఆదివారం ఇద్దరు కలిసి ఒక ఫామ్‌హౌజుల గోధుమరంగు పిల్ల గుర్రానికి నాడాలు కొడుతుంటే నేను చాయి తీసుకపోయిన. నవీన్ గుర్రం తల పట్టుకొని మా ఆయనకు మారిషస్ భాష నేర్పుతుండు. కీ మాన్యేర్ అంటే ఎట్లున్నవు అని అర్థమంట. మా ఆయన గిట్ట ఒళ్లె పెట్టుకొని, నోట్ల మేకులు పెట్టుకొని అనబోతే మాట సరిగ రాలేదు. మేకులు అరచేతిలకు ఊంచుకొని, గుర్రం మెడ దిక్కు చూసి మళ్ల అడిగిండు, "కీ మాన్యేర్?"

గుర్రం చెవి ఒకటి ఎన్కకు తిప్పింది. ఆయన మేకు తీసుకొని కొట్టుడు షురూ చేసిండు.